మైనారిటీ ప్రభుత్వం ఎంతకాలం నిలబడుతుంది? పీవీ ఐదేళ్లను లెక్కలోకి తీసుకోవచ్చా?

రావులపాలెం రవి:

హంగ్ (ఎవరికీ మెజారిటీ రాని సభ) మాట వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు "ఏం కాదులే, పీవీ మైనారిటీతోనే ఐదేళ్లు నెట్టుకొచ్చారు కదా" అంటారు. నాకు ఈ మాట మీద గట్టి అభ్యంతరం ఉంది. ఒక్క ఉదాహరణ పట్టుకుని మిగతావన్నీ పక్కన పెట్టేస్తున్నాం. చరణ్ సింగ్ 1979 జులై 28న ప్రమాణ స్వీకారం చేసి ఆగస్టు 20న రాజీనామా చేశారు, ప్రధానిగా లోక్‌సభ మొహమే చూడలేదు. వీపీ సింగ్‌కు పదకొండు నెలలు. చంద్రశేఖర్ నాలుగు నెలలు నిండకముందే రాజీనామా ఇచ్చారు. 1996లో వాజ్‌పేయి 13 రోజులు, ఆ తర్వాత దేవెగౌడ పది నెలలకు కాస్త ఎక్కువ, గుజ్రాల్ రాజీనామా చేసేనాటికి ఏడు నెలలు. 1998లో మళ్లీ వచ్చిన వాజ్‌పేయి 13 నెలలకే ఒక్క ఓటు తేడాతో పడిపోయారు. 1996, 1998, 1999... నాలుగేళ్లు తిరక్కుండా మూడు లోక్‌సభ ఎన్నికలు.

సూటిగా చెప్తాను. మన దగ్గర మైనారిటీ ప్రభుత్వం ఆయుష్షు ఏడాది, కాస్త అటూ ఇటూ. పీవీది మినహాయింపు, అది కూడా 1993 జులైలో ఏ పద్ధతిలో గట్టెక్కిందో దేశమంతా చూసింది. సభలో సగం కంటే ఎక్కువ మంది ఎంపీల సంతకాలు చూపించలేని ఎవరినీ రాష్ట్రపతి పిలవకూడదని నా అభిప్రాయం. కుదరకపోతే మళ్లీ ఎన్నికలే. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

ఓరుగల్లు పోరడు:

రవన్నా, పేర్లు, తేదీలు సరిగ్గానే ఉన్నాయి గానీ అన్నిటినీ ఒకే గాటన కట్టేశారు. చంద్రశేఖర్ వెంట ఉన్నది అరవై పైచిలుకు ఎంపీలు, బయట నుంచి నిలబెట్టిన రాజీవ్ గాంధీ దగ్గర అంతకు మూడింతలు. దేవెగౌడ సొంత పార్టీ జనతాదళ్‌కు 46 సీట్లు, మద్దతిచ్చిన కాంగ్రెస్‌కు 140. తనకంటే పెద్ద పార్టీ బయట కూర్చుని పట్టుకున్న కుర్చీ అది, వాళ్లు చెయ్యి తీసిన రోజు పడిపోవడం తప్ప వేరే దారి లేదు. హర్యానా కానిస్టేబుళ్లు ఇద్దరు రాజీవ్ ఇంటి దగ్గర నిఘా పెట్టారన్న గొడవ చంద్రశేఖర్ ప్రభుత్వాన్ని కూల్చడానికి సరిపోయిందంటే, అక్కడ కావలసింది సాకు మాత్రమే.

పీవీ సంగతి అది కాదు. 1991లో కాంగ్రెస్‌కు 232 సీట్లు, సభలో అందరికంటే పెద్ద పార్టీ. పంజాబ్, జమ్మూ కశ్మీర్‌లలో అప్పటికి ఎన్నికలే జరగలేదు కాబట్టి సగం మార్కు 272 కంటే తక్కువే. లోటు చిన్నది, ఎదురుగా ఉన్నవాళ్లు రెండు ముక్కలు. ఒక పక్క బీజేపీ, ఇంకో పక్క జనతాదళ్, వామపక్షాలు.

ఇప్పుడు పీవీ మీద వచ్చిన మూడు అవిశ్వాస తీర్మానాలు చూడండి. 1992 జులైలో బీజేపీ నేత జస్వంత్ సింగ్ పెట్టినప్పుడు అవిశ్వాసానికి అనుకూలంగా 225, వ్యతిరేకంగా 271. అదే ఏడాది డిసెంబర్‌లో, బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత, దేశం భగ్గుమంటున్న రోజుల్లో వాజ్‌పేయి పెట్టారు, 111కు 336 తేడాతో వీగిపోయింది. 1993 జులైలో సీపీఎం పెట్టింది, 251కి 265. అదే ప్రధాని, అదే సభ. మెజారిటీ ఒకసారి 46, ఒకసారి 225, ఒకసారి 14. అన్నిటికంటే పెద్ద సంక్షోభంలో అన్నిటికంటే తేలిగ్గా గట్టెక్కారు, ఎందుకంటే ఆ రోజు బీజేపీతో కలిసి ఓటు వేయడానికి మిగతా ప్రతిపక్షం సిద్ధంగా లేదు. ప్రతిపక్షం రెండు ముక్కలూ ఒకే బటన్ నొక్కిన 1993లోనే ప్రాణం మీదికి వచ్చింది. నా లెక్క ఇదే: ఆయుష్షు ప్రభుత్వం సీట్లలో లేదు, ఎదుటివాళ్లు ఒక్కటవగలరా లేదా అన్నదాంట్లో ఉంది.

గుంటూరు ప్లీడర్:

ఓరుగల్లు తమ్ముడు చెప్పినదానికి ఒక చట్టం ముక్క జోడిస్తాను, ఎందుకంటే ఇది తెలియకుండానే చాలామంది 272, 272 అంటుంటారు. రాజ్యాంగం 100వ అధికరణం ప్రకారం సభలో నిర్ణయం జరిగేది హాజరై ఓటు వేసినవాళ్లలో మెజారిటీతో. సభ మొత్తం సంఖ్యలో సగం అక్కర్లేదు. అంటే తటస్థంగా ఉండటం, వాకౌట్ చేయడం కూడా ప్రభుత్వానికి చేసే సాయమే. 1991 జులైలో పీవీ మొదటి విశ్వాస పరీక్ష నెగ్గింది జనతాదళ్ ఉన్న కూటమి నేషనల్ ఫ్రంట్, వామపక్షాలు ఓటింగ్‌కు దూరంగా ఉన్నందువల్లే. మన ఉమ్మడి రాష్ట్రంలో 2013 మార్చిలో కిరణ్ కుమార్ రెడ్డి ప్రభుత్వం మీద అవిశ్వాసం వచ్చినప్పుడు ప్రధాన ప్రతిపక్షమైన తెలుగుదేశం తటస్థంగా ఉండిపోయింది, ప్రభుత్వం నిలిచింది. ఎన్నికలు ఎవరికి ఇష్టం లేదో చూస్తే ప్రభుత్వం ఎంతకాలం ఉంటుందో సగం తెలిసిపోతుంది.

ఇంకో మాట. సంకీర్ణం వేరు, మైనారిటీ వేరు. 2024లో బీజేపీకి 240 వచ్చాయి, తెలుగుదేశం 16, జేడీయూ 12 తోడై కేబినెట్‌లో కూర్చున్నాయి. అది మెజారిటీ ఉన్న సంకీర్ణం. కేబినెట్‌లో చేరకుండా బయట నుంచి ఓటు మాత్రం వేస్తామనేవాళ్ల మీద ఆధారపడితేనే అసలు మైనారిటీ. టీవీలో ఈ రెండూ కలిపేసి మాట్లాడుతున్నారు.

రావులపాలెం రవి:

ఎదుటివాళ్లు చీలి ఉన్నారు కాబట్టి బతికాడు అంటే నేను ఒప్పుకుంటాను, డిసెంబర్ 1992 వరకు. మరి 1993లో ఆ 14 ఓట్లు ఎక్కడివి? జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలకు డబ్బు ముట్టిందన్న కేసు దేశ పార్లమెంటు చరిత్రలోనే మచ్చ. 2000లో కింది కోర్టు పీవీకి శిక్ష వేసింది, 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది, కాబట్టి ఆయన్ను దోషి అని నేను అనను. కానీ 1998లో సుప్రీంకోర్టు ఏమంది? డబ్బు తీసుకుని ఓటేసిన ఎంపీలకు 105వ అధికరణం రక్షణ ఉందంది. ఒక ప్రభుత్వం నిలబడటానికి ఇలాంటి తీర్పులు అవసరమయ్యాయంటే ఆ నిలబడటాన్ని ఆదర్శంగా ఎలా చూపిస్తాం? మైనారిటీ అంటే ప్రతి ఓటుకూ ధర పలికే పరిస్థితి. 2008 జులై 22న కూడా అంతే కదా, మన్మోహన్ విశ్వాస పరీక్ష రోజున సభలోకి నోట్ల కట్టలు తెచ్చి బల్ల మీద పరిచారు.

టొరంటో తెలుగు:

అందరూ ఢిల్లీ గురించే మాట్లాడుతున్నారు, నేను ఉంటున్న దేశం సంగతి చెప్తాను. కెనడాలో మైనారిటీ ప్రభుత్వం అంటే ఎవరూ కంగారు పడరు, ఇక్కడ అది మామూలు వ్యవహారం. పూర్తిగా నాలుగేళ్లు ఉండటం మాత్రం అరుదు, చాలావరకు రెండేళ్లలోపే ఎన్నికలు వస్తాయి. జో క్లార్క్ 1979 జూన్‌లో ప్రధాని అయ్యారు, డిసెంబర్ 13న బడ్జెట్ మీద ఓటింగ్‌లో 139కి 133 తేడాతో ఓడిపోయారు. పెట్రోలు మీద గ్యాలన్‌కు 18 సెంట్ల పన్ను వేస్తానన్నారు. తనకు మెజారిటీ ఉన్నట్టే పాలిస్తానని ముందే ప్రకటించిన మనిషి, చిన్న పార్టీల మద్దతు ఖాయం చేసుకోకుండానే బడ్జెట్ పెట్టారు.

ఇటు ఇంకో ప్రధాని పియర్సన్‌ను చూడండి. 1963 నుంచి 1968 వరకు ఆయనకు ఒక్కసారి కూడా మెజారిటీ రాలేదు. రెండు మైనారిటీ ప్రభుత్వాలు. ఈ రోజు కెనడా జెండా మీద కనిపించే మేపుల్ ఆకు, దేశమంతటా ప్రభుత్వ ఆరోగ్య బీమాకు దారి వేసిన చట్టం, కెనడా పెన్షన్ ప్లాన్ అన్నీ ఆ కాలంలో వచ్చినవే. హార్పర్ 2006 నుంచి 2011 వరకు ఐదేళ్లు రెండు మైనారిటీలతోనే నడిపారు. ట్రూడో 2022 మార్చిలో న్యూ డెమొక్రాటిక్ పార్టీ (ఎన్‌డీపీ)తో రాతపూర్వక ఒప్పందం చేసుకున్నారు, మీరు బడ్జెట్‌కు ఓటేయండి, మేం దంత వైద్యం పథకం తెస్తాం అని. ఒప్పందంలో ఏముందో ఎవరైనా చదువుకోవచ్చు. 2024 సెప్టెంబర్‌లో ఎన్‌డీపీ బయటికి వచ్చేదాకా అది రెండున్నరేళ్లు నడిచింది, ఆ పథకమూ వచ్చింది.

అంటే రవి గారూ, ప్రతి ఓటుకూ ధర ఉండటం తప్పు కాదు. ఆ ధర పథకం రూపంలో జనానికి చేరుతుందా, సంచిలో ఎంపీ ఇంటికి చేరుతుందా అన్నదే తేడా.

సత్య, విజయనగరం:

టొరంటో వారు చెప్పినది చదివాక నాకు అనంతపురం జిల్లా బండ్లపల్లి గుర్తొచ్చింది. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మొదలుపెట్టింది అక్కడి నుంచే. ఆ చట్టం తెచ్చిన మొదటి యూపీఏ ప్రభుత్వం ఎలాంటిది? 2004లో కాంగ్రెస్‌కు 145 సీట్లు, అరవై మంది దాకా ఉన్న వామపక్షాలు బయటి నుంచి మద్దతు. ఖచ్చితంగా మైనారిటీ ప్రభుత్వమే, కానీ ఉమ్మడి కనీస కార్యక్రమం అని రాసుకున్నారు, సమన్వయ కమిటీ పెట్టుకుని తరచూ కూర్చుని పోట్లాడుకున్నారు. ఉపాధి హామీని కొన్ని జిల్లాలకే, పేదల జాబితాలో ఉన్నవాళ్లకే పరిమితం చేయాలని చూస్తే వామపక్షాలు, బయట ఉద్యమాలు నడిపినవాళ్లు పట్టుబట్టి మార్పించారు. సమాచార హక్కు చట్టం కూడా 2005లోనే. పూర్తి మెజారిటీ ఉన్న ప్రభుత్వం అయితే ఈ రెండూ ఈ రూపంలో వచ్చేవని నేను అనుకోను. ఎండాకాలం మా జిల్లాలో చెరువు పనికి వెళ్లే ఆడవాళ్లకు ప్రభుత్వం మైనారిటీనా మెజారిటీనా అన్నది పట్టదు, కూలి పడిందా లేదా అన్నదే.

అణు ఒప్పందం మీద 2008లో వామపక్షాలు తప్పుకున్నాక కూడా 275కి 256తో నెగ్గి ఐదేళ్లూ పూర్తి చేసింది. రవి గారి జాబితాలో ఇది ఎందుకు లేదు? 2012లో తృణమూల్, 2013లో డీఎంకే వెళ్లిపోయాక రెండో యూపీఏ కూడా ఎస్పీ, బీఎస్పీల బయటి మద్దతుతో 2014 దాకా వచ్చింది. ఈ రెండూ కలిపితే "ఏడాది" అన్న లెక్క నిలవదు.

పాత విలేకరి:

నేను జిల్లా విలేకరిగా చాలాకాలం పనిచేశాను, ఇప్పుడు ఇంట్లోనే. మీరంతా 1979 నుంచి మొదలుపెట్టారు, మన తెలుగువాళ్ల కథ అంతకంటే చాలా ముందు మొదలైంది. 1952లో ఉమ్మడి మద్రాసు శాసనసభలో 375 సీట్లకు కాంగ్రెస్‌కు వచ్చినవి 152. ఆంధ్ర జిల్లాల్లో కాంగ్రెస్ చిత్తుగా ఓడింది, కమ్యూనిస్టులు దాదాపు దాంతో సమానంగా గెలిచారు. ప్రకాశం పంతులు గారి నాయకత్వంలో ప్రతిపక్షాలన్నీ కలిసి మాకే బలం ఉందని గవర్నర్ శ్రీప్రకాశను అడిగాయి. గవర్నర్ పిలిచింది రాజాజీని. ఆయన ఎన్నికల్లో నిలబడనే లేదు, శాసనమండలికి నామినేట్ చేసి మరీ ముఖ్యమంత్రిని చేశారు. అప్పటికి ఫిరాయింపుల చట్టం లేదు, అటువైపువాళ్లు కొందరు ఇటు వచ్చారు, బలం కుదిరింది. రాజాజీ రెండేళ్లు ఉన్నారు. చివరికి ఆయన్ను దించింది ప్రతిపక్షం కూడా కాదు, పిల్లలు సగం పూట బడికి, సగం పూట ఇంటి వృత్తికి అన్న ఆయన విద్యా పథకం. దాని మీద సొంత పార్టీయే తిరగబడింది.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, ప్రకాశం గారు ముఖ్యమంత్రి అయ్యారు. పదమూడు నెలలు. 1954 నవంబర్‌లో మద్య నిషేధం, గీత కార్మికుల సమస్య మీద ఒక్క ఓటుతో ఓడిపోయారు. సైమన్ కమిషన్ రోజున తుపాకీకి గుండె చూపించిన మనిషి ఒక్క ఓటు దగ్గర ఓడిపోవడం ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది, ఆ సంగతి పక్కన పెట్టండి. నేను గమనించిందేమిటంటే బలం తక్కువైన ప్రభుత్వాన్ని చంపేది లెక్క ఒక్కటే కాదు, తప్పించుకోలేని ఒక సమస్య. మద్య నిషేధం, వీపీ సింగ్ మండల్‌కు పోటీగా వచ్చిన రథయాత్ర, పెట్రోలు పన్ను. మెజారిటీ ఉన్నవాడు అలాంటి సమస్యను తొక్కుకుంటూ పోతాడు, లేనివాడు వాయిదా వేయాలి. పీవీ గారి గొప్పతనం కూడా నా దృష్టిలో అదే, వాయిదా వేయడం ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అయోధ్య విషయంలో అదే వాయిదా దేశానికి ఎంత నష్టం చేసిందో కూడా నేను మర్చిపోను.

ఓరుగల్లు పోరడు:

పెద్దాయనా, అయోధ్య మాట దగ్గర నేను మీతో ఏకీభవించను, గానీ అది వేరే చర్చ. నేను ఒక్కటే జోడిస్తా. 1991 నవంబర్‌లో నంద్యాల ఉప ఎన్నికలో పీవీ మీద ఎన్టీఆర్ తెలుగుదేశం అభ్యర్థిని పెట్టలేదు, తెలుగువాడు ప్రధాని అయ్యాడని. 1992 ఫిబ్రవరిలో పంజాబ్ ఎన్నికల్లో 13 లోక్‌సభ సీట్లకు 12 కాంగ్రెస్‌కు వచ్చాయి. తెలుగుదేశం నుంచి కొందరు ఎంపీలు చీలి వచ్చారు, 1993 చివర్లో అజిత్ సింగ్ వర్గం కాంగ్రెస్‌లో కలిసింది. 1994కు వచ్చేసరికి అది మైనారిటీ ప్రభుత్వమే కాదు! ఐదేళ్లు మైనారిటీతో నడిపారు అనేది కూడా సరైన మాట కాదు, మొదటి రెండున్నరేళ్లు మైనారిటీతో బతికి మెజారిటీ సంపాదించుకున్నారు.

గుంటూరు ప్లీడర్:

అక్కడే ఆగండి తమ్ముడూ, ఇది ముఖ్యం. ఆ రోజుల్లో పదో షెడ్యూల్ (ఫిరాయింపుల చట్టం) ప్రకారం ఒక పార్టీ ఎంపీల్లో మూడో వంతు విడిపోతే అది ఫిరాయింపు కాదు, చీలిక. చంద్రశేఖర్ జనతాదళ్‌ను చీల్చి ప్రధాని అయింది ఆ వెసులుబాటుతోనే. 2003లో 91వ సవరణతో దాన్ని తీసేశారు, ఇప్పుడు మూడింట రెండొంతుల మంది కలిసి విలీనం అంటేనే పదవులు నిలుస్తాయి. లంచం తీసుకుని ఓటేస్తే రక్షణ అన్న 1998 తీర్పును కూడా 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది. అంటే పీవీ వెళ్లిన దారి రెండు వైపులా మూసుకుపోయింది. ఇవాళ 232తో ఎవరైనా ప్రధాని అయితే ముక్కలు ముక్కలుగా బలం పెంచుకోవడం అంత సులువు కాదు. కర్ణాటకలో 2019లో చేసినట్టు ఎమ్మెల్యేల చేత రాజీనామా చేయించి సభ సంఖ్యనే తగ్గించడం ఒకటి మిగిలింది. అది ప్రభుత్వాన్ని కూల్చడానికి పనికొచ్చినంత తేలిగ్గా, లోక్‌సభ స్థాయిలో నిలబెట్టడానికి పనికిరాదు. అందుకే పాత ఆయుష్షులు చూసి రేపటిది చెప్పలేం అంటాను.

రావులపాలెం రవి:

సత్య గారూ, యూపీఏ ఉదాహరణ బలమైనదే, దాన్ని కాదనను. కానీ చూడండి, అది నిలిచింది ఏం రాసుకున్నారో రాసుకున్నారు కాబట్టి. టొరంటో వారు చెప్పిందీ అదే. 1997లో కాంగ్రెస్ అధ్యక్షుడు కేసరి దేవెగౌడకు మద్దతు ఉపసంహరిస్తే ఫలానా షరతు తప్పారని అడగడానికి కాంగ్రెస్‌తో ఒప్పందమంటూ ఏమీ లేదు, రాష్ట్రపతికి ఒక ఉత్తరం, అంతే. అందుకని నా డిమాండ్ ఇలా మార్చి పెడుతున్నాను: సంతకాలు ఒక్కటే చాలవు, బయటి మద్దతు ఇచ్చే పార్టీ ఏ విషయాల్లో, ఎంతకాలం, ఏ షరతుల మీద అన్నది రాతపూర్వకంగా ఇచ్చి బయట పెట్టాలి. అది లేకుండా ప్రమాణ స్వీకారం వద్దు.

ఓరుగల్లు పోరడు:

అన్నా, 1998లో రాష్ట్రపతి నారాయణన్ వాజ్‌పేయిని మద్దతు ఉత్తరాలు అడిగి తీసుకున్నాకే పిలిచారు. అన్నాడీఎంకే ఉత్తరం కోసం రోజుల తరబడి ఎదురుచూశారు. 13 నెలల తర్వాత ఆ పార్టీయే తప్పుకుంది. కాగితం ఆపలేదు.

గుంటూరు ప్లీడర్:

ఆపగలిగేది ఒకటుంది, జర్మనీ పద్ధతి. అక్కడ ఛాన్సలర్‌ను (ప్రధాని లాంటి పదవి) దించాలంటే తర్వాతి ఛాన్సలర్‌ను ఎన్నుకుంటూనే దించాలి. 1999 ఏప్రిల్ 17న 269కి 270తో వాజ్‌పేయి పడిపోయారు. స్పీకర్ మన అమలాపురం బాలయోగి గారు, అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయినా ఎంపీ పదవి వదలని గిరిధర్ గమాంగ్ ఓటు వేయాలా వద్దా అన్నది ఆయన మనస్సాక్షికే వదిలేశారు. ఆ 270 మందీ ప్రత్యామ్నాయంగా ఒక్క పేరు మీద కలవలేకపోయారు, సోనియా 272 ఉన్నాయన్నా ములాయం ఒప్పుకోలేదు. అక్టోబర్ దాకా ఆపద్ధర్మ ప్రభుత్వం, మధ్యలో కార్గిల్ యుద్ధం. జర్మనీ నిబంధన ఉంటే ఏప్రిల్ 17 ఓటింగ్ ఒక్కదానితోనే ప్రభుత్వం దిగిపోయేది కాదు. లా కమిషన్ 1999లో తన 170వ నివేదికలో దాదాపు ఇదే దారి సూచించింది, ఎవరూ పట్టించుకోలేదు.

టొరంటో తెలుగు:

ప్లీడర్ గారూ, మరి బడ్జెట్ సంగతి? ప్రత్యామ్నాయం లేదని దించలేరు సరే, ద్రవ్య బిల్లు ఓడిస్తే? డబ్బు ఖర్చు పెట్టే అధికారం లేని ప్రభుత్వం కుర్చీలో ఉండి ఏం చేస్తుంది? జో క్లార్క్‌ను దించింది బడ్జెట్ ఓటే.

గుంటూరు ప్లీడర్:

జర్మనీలో అలాంటప్పుడు ఛాన్సలరే విశ్వాస తీర్మానం కోరి, ఓడిపోతే అధ్యక్షుడి ద్వారా సభ రద్దుకు వెళ్తారు. 2024 నవంబర్‌లో ఛాన్సలర్ షోల్జ్ సంకీర్ణం విరిగింది బడ్జెట్ గొడవతోనే, డిసెంబర్‌లో ఓటింగ్, 2025 ఫిబ్రవరిలో ఎన్నికలు. అంటే మైనారిటీ అయ్యాక నెలల్లోనే ముగిసింది, కానీ కూల్చినవాళ్లు ఎవరో, ఎందుకో జనానికి తెలిసింది, తేదీ ముందే తెలిసింది. రవి గారు అడిగిన రాతపూర్వక షరతుకు నేను అనుకూలం, దానితోపాటు ఇదీ ఉండాలంటాను. మీలో ఎవరికైనా దీని మీద అభ్యంతరం ఉంటే ద్రవ్య బిల్లు దగ్గర నుంచే మొదలుపెట్టండి, అక్కడే ఈ పద్ధతికి అసలు చిక్కు ఉంది.